అరిగిన కొత్త గడప

దయ్యాలు ఉన్నాయని చెప్పేవాళ్లతో నేను ఏనాడూ వాదించలేదు. వాదించేంత పట్టింపు నాకు లేదు. వడ్రంగం పనిలోకి దిగి ముప్పై ఏళ్లు దాటింది. మనుషులు ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇళ్లల్లో ఒక్కడినే కూర్చుని తలుపులు బిగించాను. మా శ్మశానం, ఖబరస్తాన్ గేటు విరిగితే నేనే బాగుచేశాను. జనాజాకు శవాన్ని మోసే మంచానికి పట్టెలు మార్చింది కూడా నేనే. కలప ఎండకు కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది, ఆ మార్పులో చప్పుడు చేస్తుంది. జనం ఆ చప్పుడుకు ఏవేవో పేర్లు పెట్టుకుంటారు. నేను నమ్మింది అంతే.

ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. నా కళ్లకు ఎవరూ కనపడలేదు. నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను.

నా పేరు ఖాజా. మాది ఖమ్మం. మా తాత, మా నాన్న చేసిన పనే నేనూ చేస్తున్నాను. పాత ఇళ్ల తలుపులు, ద్వారబంధాలు పాడుచేయకుండా బాగుచేస్తానని కొంచెం పేరుంది. ఆ పేరు వినే మనోహర్ సార్ నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

ఆయన బొగ్గు గనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన భార్య విమలమ్మ గారు నర్సుగా చేసి ఆయన కంటే ముందే రిటైరయ్యారు. ఇద్దరి ఉద్యోగ జీవితమంతా కొత్తగూడెం క్వార్టర్లలో గడిచింది. మిగిలిన రోజులు చెట్ల మధ్య గడపాలని చండ్రుగొండ వైపు, అడవి మొదలయ్యే చోటుకి కాస్త ఇవతల, మామిడి తోటతో పాటు ఒక పాత బంగళా కొన్నారు. ఆ హద్దు దాటితే గిరిజనుల ఏజెన్సీ భూమి, బయటివాళ్లు కొనడానికి వీల్లేదు. ఈ తోట హద్దుకి ఇవతల పడింది. తోట చివర పశువులు రాకుండా తవ్విన కందకం, దాని అవతల టేకు చెట్లు.

బంగళా ఎప్పుడు కట్టారో చెప్పేవాళ్లు లేరు. నిజాం కాలంలో కలప కాంట్రాక్టు చేసిన ఒకాయన కట్టించాడని మాత్రం అంటారు. రాయీ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, మూడు వైపులా వరండాలు, పైన పెంకులు. ఎన్నో ఏళ్లు తాళం పడి ఉన్న ఇల్లు. మేం వెళ్లేసరికి పైకప్పులో సగం దూలాలు చెదలు తినేశాయి. దాదాపు ఏడాది పని చేశాం. నేను నెలకు ఇరవై రోజులు అక్కడే ఉన్నాను. ఆ ఏడాదంతా నాకు ఒక్క వింత కూడా కనపడలేదు. అది ముందే చెప్పాలి.

వెనక గదిలో తూర్పు గోడ గీకుతుంటే మేస్త్రీకి, వాకిళ్ల పైన వేసే చెక్క అడ్డకమ్మి ఒకటి బయటపడింది. దాని కింద అంతా ఇటుకలు. ఒకప్పుడు అక్కడ వాకిలి ఉండేదని, ఎవరో మూసేశారని అర్థమైంది. విమలమ్మ గారికి ఆ వాకిలి కావాలనిపించింది. అది తెరిస్తే పొద్దున్నే ఎండ వస్తుంది, అడవి వైపు గాలి వస్తుంది. ఇటుకలు తీయించారు. పాత ద్వారబంధం పొడిపొడిగా రాలిపోయింది. కొత్తది నేను చేశాను.

గడపకు వాడిన కట్టె గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఖమ్మంలో ఒక పాత ఇల్లు కూలుస్తుంటే వచ్చిన టేకు దూలం అది. బాగా ఎండి గట్టిపడ్డ చేవ. చిత్రిక పడుతుంటే పనిముట్టు ఎగిరెగిరి పడింది. ఆ ఒక్క ముక్క కోసం పనిముట్టుకు రెండుసార్లు పదును పెట్టుకున్నాను. బిగించాక పాలిష్ చేశాను. గృహప్రవేశం రోజు విమలమ్మ గారు పసుపు రాసి బొట్లు పెడుతుంటే పక్కనే నిలబడి చూశాను. గీత గీసినట్టు తిన్నగా ఉంది.

రెండు నెలల తర్వాత మనోహర్ సార్ ఫోన్ చేశారు. పలకరింపు లేదు.

"ఖాజా, వెనక గడప ఏం కట్టెతోటి చేసినవ్?"

"టేకు సార్. మీరు చూసిందే కదా."

"నేను చూసింది టేకే. నువ్వు పెట్టింది ఏందో వచ్చి చూడు."

మర్నాడే వెళ్లాను. ఖమ్మం నుంచి మోటార్‌సైకిల్ మీద రెండు గంటలకు పైనే పడుతుంది. ఆ మాట దారంతా గుచ్చుతూనే ఉంది.

గడప మధ్యలో గుంట పడి ఉంది. బొటనవేలు అడ్డంగా పెడితే గోరు మునిగేంత లోతు. చెదలు కాదు, చెదలు తిన్న చెక్క లోపల గుల్లగా ఉంటుంది. ఉలితోనో ఆకురాయితోనో చేసింది కూడా కాదు, పనిముట్టు పడితే గీత పడుతుంది. ఇది నున్నగా, అద్దంలా ఉంది. పాత ఇళ్లల్లో తరతరాలుగా మనుషులు తొక్కీ తొక్కీ గడప మధ్యలో వంపు తిరుగుతుంది కదా, అచ్చం అట్లా. రెండు చివర్లలో నేను పట్టిన పాలిష్ కొత్తగానే మెరుస్తోంది. విమలమ్మ గారు రాసిన పసుపు ఆ చివర్లలో ఇంకా మిగిలి ఉంది.

నేను చాలాసేపు మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడుముతూ ఉండిపోయాను. మనోహర్ సార్ నన్నే చూస్తున్నారు. ఏడాది పాటు నాతో కలిసి అన్నం తిన్న మనిషి. ఆ చూపు నేను మర్చిపోలేను. నా చేతిలో పనితనం లేదని ఎవరైనా అంటే ఊరుకుంటాను. నకిలీ కట్టె పెట్టారని అప్పటిదాకా మా నాన్నను ఎవరూ అనలేదు, నన్నూ అనలేదు.

"మారుస్తాను సార్" అన్నాను.

నేను అక్కడున్న ఆ గంటలో ఒక సంగతి గమనించాను. విమలమ్మ గారు ఒక్కసారి కూడా కూర్చోలేదు. లోపలి నుంచి ఆ వాకిలి దాటి బయటికి వెళ్తారు. తోటలో కొంచెం దూరం నడిచి, అడవి వైపు చూసి, తిరిగి వస్తారు. మళ్లీ వెళ్తారు. నేను గడప దగ్గరే కూర్చున్నాను కాబట్టి ఆమె కాళ్లు నా చేతుల పక్క నుంచే పోతున్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. పాదాలు వాచి ఉన్నాయి.

"కాసేపు కూర్చోండి అమ్మా" అన్నాను.

ఆమె నవ్వారు. "ఇన్నేండ్లు వార్డులల్ల తిరిగిన కాళ్లు భాయ్. కూసోమంటే కూసుంటయా?"

నిజమే అనుకున్నాను. కానీ ఒక మనిషి ఒట్టి కాళ్లతో ఎంత తిరిగినా రెండు నెలల్లో టేకు చేవ అట్లా అరగదు. ఆ మాట ఏ వడ్రంగిని అడిగినా చెప్తాడు.

రెండో గడప ఇంకా గట్టి కట్టె, నల్లమద్దితో చేశాను. ఈసారి మనోహర్ సార్‌ను వెంటబెట్టుకుని కలప డిపోకు వెళ్లాను. ముక్క ఆయనే ఎంచారు. కోయడం, చిత్రిక పట్టడం ఆయన ఎదురుగానే చేశాను. అడుగు వైపు ఉలితో నా గుర్తు చెక్కి ఆయనకు చూపించి మరీ బిగించాను. తీసేసిన పాత గడపను నా దుకాణానికి తెచ్చుకున్నాను. ఏమీ చెప్పకుండా తోటి పనివాళ్లకు చూపించి ఇది ఎన్నాళ్లదని అడిగాను. అరవై ఏళ్లని ఒకరు, వందేళ్లకు తక్కువ ఉండదని ఇంకొకరు అన్నారు.

ఆ తర్వాత పదిహేను రోజులకే విమలమ్మ గారి కాళ్లు మరీ పాడయ్యాయి. మనోహర్ సార్ ఆమెను కొత్తగూడెంలో ఆమె చెల్లెలి ఇంటికి తీసుకెళ్లారు. బంగళాకు తాళం పడింది. తోటలో ఉండే లచ్చమ్మ, అంటే వాళ్లకు వంట చేసి పెట్టే ఆమె, వరండాలు మాత్రం ఊడ్చేది. ఇంటి తాళంచెవి సార్ దగ్గరే ఉంది. ఇంట్లోకి నెల రోజులు ఎవరూ వెళ్లలేదు.

ఆ నెలలోనే ఆయన బంగళా అమ్మాలని నిర్ణయించుకున్నారు. అమ్మకానికి ఉందంటూ ఫోన్లలో ఒక వీడియో చక్కర్లు కొట్టింది. బాగుచేసిన పాతకాలపు బంగళా, మామిడి తోట, నీళ్ల బోరు, రోడ్డు దగ్గర. నా దాకా కూడా వచ్చింది. అందులో నేను చేసిన తలుపులన్నీ ఉన్నాయి. తూర్పు వాకిలి మాత్రం లేదు.

చూడ్డానికి మనుషులు రాబోతున్నారని, తలుపులకు నూనె పట్టించి పోవాలని సార్ నన్ను పిలిచారు. పొద్దున పదిన్నరకు ఇద్దరం కలిసి తాళం తీశాం. నేల మీద దుమ్ము పరుచుకుని ఉంది. మా అడుగులే దాని మీద పడుతున్నాయి. వెనక గదిలోకి వెళ్లాం. తలుపు లోపలి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. ఆ గొళ్లెం మీద కూడా దుమ్ముంది.

గడప మధ్యలో గుంట. మొదటిదానికంటే లోతు.

నేను పలుగుతో గడప పైకి లేపి తిప్పాను. అడుగున నా గుర్తు ఉంది. అదే కట్టె.

మనోహర్ సార్ గోడకు ఆనుకున్నారు. తర్వాత అన్నారు, "నువ్వు మోసం చెయ్యలేదు ఖాజా. నన్ను మాఫ్ చెయ్యి."

నా మీద మచ్చ పోయిందన్న సంతోషం నాకు కలగాలి. కలగలేదు. అసలు నకిలీ కట్టే అయి ఉంటే బాగుండేదనిపించింది.

గడపను మళ్లీ దాని చోట్లో పెట్టాను. భూమి కాగితాల పని మీద సార్ చండ్రుగొండ వెళ్లారు. సాయంత్రానికి వస్తానన్నారు. నేను ఉండిపోయాను. ధైర్యం అనుకోకండి. నా చేతి పని నా కళ్ల ముందు ఎట్లా అరుగుతుందో చూడాలన్న పంతం, అంతే.

మధ్యాహ్నం నమాజు వరండాలో చదువుకున్నాను. తర్వాత తూర్పు తలుపు బార్లా తెరిచి, గడప మీద రంపపు పొట్టు పల్చగా చల్లాను. ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. గాలి లేదు. మామిడాకు ఒక్కటి కదలడం లేదు. తోటలో ఎక్కడో కోతులు కొట్లాడుకుంటున్నాయి. ఫోన్ చూసుకుంటే ఒకటీ నలభై.

మొదట కాళ్లలో ఏదో జివజివలాడింది. లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చున్నాను. కూర్చుంటే ఏదో ఆలస్యమైపోతున్నట్టు ఉంది. పని చేయాల్సింది ఏమీ లేదు, వెళ్లాల్సింది ఎక్కడికీ లేదు, అయినా కుదురు లేదు. మళ్లీ లేచాను. పొట్టు వైపు చూశాను. మధ్యలో పొట్టు అటూ ఇటూ జరిగి, నల్లటి చెక్క కనపడుతోంది. అది జరుగుతుండగా చూశానా, జరిగాక చూశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. దగ్గరికి వెళ్లి చూద్దామని రెండడుగులు వేశాను.

ఆ తర్వాత నాకు తెలిసేసరికి ఎవరో నా రెండు చేతులూ పట్టుకుని ఊపుతున్నారు. లచ్చమ్మ. నేను తోట చివర కందకం అంచున నిలబడి ఉన్నాను. చెప్పులు లేవు. బంగళా నీడ తూర్పు వైపు సాగి సగం తోటను కప్పేసింది. అంటే పొద్దు బాగా వాలింది. సాయంత్రం చదివే అస్ర్ నమాజు వేళ ఎప్పుడో మొదలైపోయి ఉంది. నా గొంతు ఎండిపోయింది. అరికాళ్లు మండుతున్నాయి. చూసుకుంటే ఒక పాదం కోసుకుని రక్తం మట్టితో గడ్డకట్టి ఉంది. ఎప్పుడు కోసుకుందో తెలియలేదు.

లచ్చమ్మ ఏడుస్తోంది. "ఏమైంది నీకు బాయ్? ఎన్నిసార్లు పిలిచిన? ఇంట్లకెళ్లి ఈడికి, ఈడికెళ్లి ఇంట్లకు, ఒక్కతీరుగ తిరుగుతున్నవ్. అన్నం తిన్నవా అంటే పలకవైతివి."

"ఏమీ మాట్లాడలేదా నేను?"

ఆమె నా చేతులు వదిలి కొంచెం వెనక్కి జరిగింది. "మాట్లాడినవ్. నేను ఎదురొచ్చినప్పుడల్లా ఒక్కటే అడిగినవ్. బండి వచ్చిందా అని. ఏం బండి అంటే, గంటలు ఇనపడ్తలేవా అన్నవ్."

మా ఇంట్లో బండి అంటే మోటార్‌సైకిల్. గంటలు కట్టిన బండి ఎక్కిన గుర్తు కూడా నాకు లేదు. ఆ మాట నేను ఎందుకంటాను?

మూడు గంటలకు పైగా నేను ఏం చేశానో నాకు గుర్తు లేదు. గుర్తున్నది ఒక్కటే ఉంది, కానీ అది చేసిన పని కాదు. అది ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

సార్ వచ్చేసరికి నేను ముందు వరండాలో నీళ్లు తాగుతూ కూర్చున్నాను. లచ్చమ్మే జరిగిందంతా చెప్పింది. బండి మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన మెట్టు మీద కూర్చున్నారు. చేతిలో కాగితాల సంచి జారిపోయినా చూసుకోలేదు.

"విమల గూడ గదే అడుగుతది" అన్నారు మెల్లగా. "రెండు నెలలు గదే మాట. బండి వచ్చిందా, గంటలు ఇనపడ్డయా. ఎవ్వరికీ చెప్పలే నేను. దవాఖానాకు తీస్కపోతే నిద్ర చాలక అన్నరు, గోలీలిచ్చిండ్రు. మా మరదలి ఇంటికి పోయిన నాలుగో రోజుకు బంద్ అయింది."

లచ్చమ్మ తన పిల్లల మీద ఒట్టేసి చెప్పింది, తను ఆ మాట అమ్మగారి నోట ఎన్నడూ వినలేదని. నేనైతే అసలే వినలేదు. నేను వెళ్లినప్పుడు ఆమె నాతో అన్నది వార్డుల సంగతి ఒక్కటే.

ఆ మర్నాడు సార్, నేను కలిసి దగ్గర ఊళ్లో ఎర్రయ్య అనే ముసలాయన దగ్గరికి వెళ్లాం. ఆ చుట్టుపక్కల అందరికంటే పెద్దవాడు ఆయనే. బంగళా తూర్పు వాకిలి గురించి అడిగాం. "అది మా నాయిన చిన్నతనంలనే మూసిండ్రట" అన్నాడు. ఎందుకో తెలుసా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఆ దిక్కున అడవిలకెల్లి ఎడ్ల బండ్ల బాట ఉండె. గోదారి దాక పోయేది. కట్టె తోలెటోళ్లు. ఇప్పుడేడుంది, చెట్లు మొలిచినయ్." అంతే. ఎవరో చచ్చిపోయారని గానీ, ఎవరో ఎవరినో చంపారని గానీ ఆయన చెప్పలేదు. ఆ తర్వాత నేను అడిగినవాళ్లు కూడా ఎవరూ చెప్పలేదు.

తిరిగి వస్తుంటే సార్ దారిలో ఆగి అన్నారు, "కొనేటోళ్లకు ఏం చెప్పకు ఖాజా. నేను ఇగ ఈడ ఉండలేను. విమలను మళ్ల తేలేను. ఎట్లనన్న ఇది అమ్ముడుపోవాలె."

ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట అంటున్నప్పుడు నా మొహం వైపు చూడలేకపోయారు. నేను తల ఊపాను.

ఆదివారం పొద్దున కొనేవాళ్లు వచ్చారు. ఖమ్మంలో కాలేజీలో పాఠాలు చెప్పే శారద గారు, ఆమె భర్త. నేను తలుపులకు నూనె పడుతున్నాను. శారద గారు ఒక్కో గది శ్రద్ధగా చూస్తూ వచ్చారు. పాత వస్తువులంటే ఆమెకు ప్రాణం అని మాటల్లో తెలుస్తోంది. వెనక గదిలోకి రాగానే వంగి గడప మీద చెయ్యి పెట్టారు. ఆ గుంటలో వేళ్లు కదుపుతుంటే ఆమె మొహం వెలిగిపోయింది.

"ఎంత బాగుందో. దీన్ని మార్చకుండా ఉంచినందుకు మీకు దండం పెట్టాలి. ఇది ఇంటితో పాటు వచ్చిందే కదండీ?"

ఆమె అడిగింది నన్ను. మనోహర్ సార్ ఆమె వెనక నిలబడి ఉన్నారు. ఆయన కళ్లు నన్ను బతిమాలుతున్నాయి.

అవునంటే అయిపోయేది. ఒక్క మాట. ఆమె సంతోషంగా కొనుక్కునేది. ఆయన విడుదలయ్యేవారు. కానీ నా చేతి పనిని ఎవరో వందేళ్ల కిందటి మనిషి చేశాడంటే ఊరుకోగలను, ఆమె కాళ్లు విమలమ్మ గారి కాళ్లలా పగులుతుంటే ఎక్కడో ఖమ్మంలో కూర్చుని ఎట్లా ఊరుకోను?

"లేదమ్మా" అన్నాను. "నేను చేసిందే. పెట్టి రెండు నెలలు కాలేదు."

మొదటి గడప నుంచి నా కాలి గాయం దాకా అన్నీ చెప్పేశాను. చెప్తుండగానే మనోహర్ సార్ బయటికి వెళ్లిపోయారు. శారద గారి భర్తకు కోపం వచ్చింది. కొనకుండా చేయడానికి ఎవరో నన్ను పెట్టారని ఆయన అనుమానం. "ఏందయ్యా, చదువుకున్నోళ్లకు గిట్లాంటి కథలు చెప్తున్నవా?" అన్నాడు. శారద గారు గడప అవతల నిలబడి చాలాసేపు అడవి వైపు చూశారు. తర్వాత వాళ్లు కారెక్కి వెళ్లిపోయారు.

మనోహర్ సార్ నాతో మాట్లాడకుండానే తాళం వేసుకున్నారు. నేను సామాను సర్దుకుని వచ్చేశాను. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా లేదు. చేసింది తప్పని అనిపించలేదు, కానీ మంచి పని చేసిన మనిషికి ఉండాల్సిన నెమ్మది కూడా లేదు.

ఎనిమిదో రోజు శారద గారు ఫోన్ చేశారు. బంగళా తీసుకుంటున్నామన్నారు. "మీరు చెప్పకపోతే కొనేదాన్ని కాదేమో" అన్నారు. "ఒక పని చేసి పెట్టాలి. ఆ వాకిలి మూయొద్దు. గడప మాత్రం తీసేయండి. కొత్తది ఏదీ పెట్టకండి. రావాలనుకునేవాళ్లకు, పోవాలనుకునేవాళ్లకు కాలికి ఏదీ అడ్డం లేకుండా చేయండి."

అట్లాగే చేశాను. గడప తీసి, నేలతో సమంగా నల్లరాయి వేయించాం. ఇప్పుడు ఇంట్లోపలికీ తోటకూ మధ్య ఎత్తూపల్లం లేదు. తలుపు కింద పాములు దూరకుండా ఒక రేకు బిగించి ఇచ్చాను. వాళ్లు సెలవులకు వస్తారు, వారం పది రోజులు ఉంటారు, వెళ్తారు. ఏ ఇబ్బందీ లేదన్నారు. రాయి అరిగిందా అని నేను ఒక్కసారే అడిగాను. "రాయి కదా ఖాజా గారూ, ఏం అరుగుతుంది" అన్నారు. మళ్లీ అడగలేదు. ఆ తర్వాత పనుందని రెండుసార్లు పిలిస్తే వెళ్లాను గానీ, ఆ వెనక గదిలోకి మాత్రం అడుగుపెట్టలేదు.

మనోహర్ సార్ చాలా రోజులు ఫోన్ ఎత్తలేదు. పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆయనే నా దుకాణానికి వచ్చారు, విమలమ్మ గారితో. ఆమెకు పట్టెమంచం కావాలట. నాకు చాలా సంతోషమైంది. ఆమె బల్ల మీద హాయిగా వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. కాళ్లు మామూలుగా ఉన్నాయి. మంచం కొలతలు మాట్లాడుకున్నాం. సార్ పక్క హోటల్లో టీ చెప్పి వస్తానని లేచారు.

ఆయన వెళ్లేదాకా ఆమె చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"భాయ్, ఆ రోజు నువ్వు గూడ తిరిగినవటగద."

"అవునమ్మా."

"ఇప్పుడు నాకు మంచిగనే ఉంది. నిద్ర పడ్తుంది. తిండి తింటున్న. మీ సార్ అందరికీ చెప్తుండు, మా ఆమెకు నయమైందని." తన పాదాల వైపు చూసుకున్నారు. "అవ్, నయమైంది. గని అప్పుడు పొద్దున లేస్తే ఎవరో వస్తరని ఉండేది. ఎంత ఆత్రమో. ఇప్పుడు లేస్త, ఏం లేదు."

నేను కొలతల టేపు పక్కన పెట్టాను. ఎవరికీ చెప్పలేదని చెప్పానే, ఆ గుర్తున్న ఒక్క సంగతి అదే. ఆ మూడు గంటల్లో నాకు భయం లేదు. కాలు కోసుకున్నా నొప్పి లేదు. నా మనిషి ఎవరో వస్తున్నారు, దారిలో ఉన్నారు, ఇంకాసేపట్లో చేరుకుంటారు, నేను ఎదురు వెళ్లకపోతే ఎట్లా? అంత సంతోషం నా పెళ్లికి లేదు, నా పిల్లలు పుట్టినప్పుడు లేదు. లచ్చమ్మ నన్ను ఊపి లేపినప్పుడు మొదట నాకు వచ్చింది కోపం.

విమలమ్మ గారు గొంతు తగ్గించి అడిగారు, "నేను వచ్చేసినంక నువ్వు ఉన్నవ్ గద ఆడ. బండి వచ్చిందా?"

రాలేదు అని చెప్పాలి. నిజం అదే. ఆ మనిషి మొహం చూస్తూ ఆ మాట అనలేకపోయాను. "తెలియదమ్మా" అన్నాను. ఆమె తల ఊపారు. సార్ టీ గ్లాసులు పట్టుకుని వచ్చారు. మళ్లీ మంచం సంగతే మాట్లాడుకున్నాం.

కట్టె ఎందుకు అరిగిందో నాకు తెలియదు. ఇద్దరికి ఒకే మాట ఎట్లా వచ్చిందో తెలియదు. వాటి గురించి ఇప్పుడు పెద్దగా ఆలోచించడం కూడా మానేశాను. కానీ చేతిలో పని ఆపి, దుకాణం ముందు నిలబడి, ఏ కారణమూ లేకుండా రోడ్డు చివరి దాకా చూస్తూ ఉండిపోవడం నాకు ఇంకా పోలేదు. ఎవరి కోసం చూస్తున్నానంటే చెప్పలేను.